మెట్ల డాన్సుకి ముందు ఈల

న్యూయార్కు సన్నీసైడ్‌లో బెన్నీ కొలాడ్నీ కాళ్ళ కథ తెలియనివాడంటూ ఉంటే, వాడు పుట్టు చెవిటివాడైనా అయ్యుండాలి, ఆ పూటే పెట్టెతో రైలు దిగినవాడైనా అయ్యుండాలి. నెత్తిమీద వంతెనపై రైలు వెళ్తుంటే మనుషులంతా మాటలాపేస్తారు కదా, బెన్నీ ఆపేవాడు కాదు. నోరు తెరిచి పట్టుకుని, చెయ్యి గాల్లో ఉంచి, రైలు పోగానే సగం మాట దగ్గర్నుంచే మళ్ళీ అందుకునేవాడు. ఆ వీధి పావురాలకు కూడా ఆ కథ కంఠతా వచ్చేసిందని హోటలు థానాసిస్ అనేవాడు.

కథ ఇదీ. "పాలబండి పెళ్ళికూతురు" అని బ్రాడ్వేలో ఒక ఆటపాటల నాటకం ఆడింది. అందులో వెనకవరసలో ఎడమవైపు నుంచి మూడోవాడు బెన్నీ. ఆరువందల పన్నెండు ఆటలు ఆడాడు, ఒక్కరోజు నాగా లేదు. యాభైనాలుగులో దాన్నే సినిమా తీశారు. సినిమాలో హీరో పెళ్ళిబట్టలతో మేడమెట్ల మీద టకటకా ఆడుకుంటూ పైనుంచి కిందికి దిగుతాడు. పదకొండో మెట్టు దగ్గర ఒక్క దెబ్బ ఆలస్యంగా పడుతుంది, గుండె ఒక్కసారి ఆగి మళ్ళీ కొట్టుకున్నట్టు. ఆ ఒక్క దెబ్బ కోసం జనం సినిమాకి మళ్ళీ మళ్ళీ వెళ్ళారు.

గొంతు అరువిచ్చేవాళ్ళ సంగతి లోకానికి తెలుసు. కాళ్ళు అరువిచ్చేవాళ్ళ సంగతే ఎవరికీ తెలీదు. షూటింగులో హీరో వేసుకునేది రబ్బరు అడుగు బూట్లు, చప్పుడుండదు. తర్వాత కాలిఫోర్నియా స్టూడియోలో తెరమీద బొమ్మ ఆడిస్తారు. ఇనుప బిళ్ళల బూట్లు వేసుకుని చెక్కపలక మీద నిలబడి, బొమ్మ కాలు పడ్డ క్షణానికే తన కాలూ పడేట్టు ఇంకొకడు ఆడతాడు. మనం వినేది వాడి కాళ్ళు.

"అవి నా కాళ్ళు," అనేవాడు బెన్నీ, కాఫీ కప్పు బల్లమీద కొట్టి. "ఆ పదకొండో మెట్టు దెబ్బ వేశానా, పలక రెండుగా చీలింది. పక్క ఊళ్ళో భూకంపం కొలిచే యంత్రం ముల్లు వంగిపోయింది. పేపర్లో వేశారు."

"పోయినవారం ఆ ముల్లు ఊరికే కదిలింది, ఇవాళ వంగిపోయింది. వచ్చేవారానికి కాలిఫోర్నియా సముద్రంలో మునుగుతుందేమో," అనేవాడు థానాసిస్, జున్ను రొట్టె ముక్క ముందు పెడుతూ. "తిను, మునిగేలోపు తిను."

"నీకేం తెలుసురా గ్రీకోడా. మీవాళ్ళు పళ్ళాలు పగలగొట్టి డాన్సంటారు."

ముప్పై ఏళ్ళుగా ఇదే తంతు. ఎవరూ నమ్మలేదు, ఎవరూ వినడం మానలేదు. లాండ్రీ పైమేడమీద బెన్నీ డాన్సు పాఠాలు చెప్పేవాడు. అక్కడొక్క నియమం. ఈల వేస్తే బయటికి. వచ్చినవాడు మేయరు కొడుకైనా సరే, ఈల వేశాడా, ఆ రోజు పాఠం అంతటితో సరి. నాటకశాలలో పూర్వం పైన తాళ్ళు లాగేవాళ్ళంతా ఓడ కళాసీలట, ఈలే వాళ్ళకి సైగ. ఎవడో సరదాకి ఈల వేస్తే పైనుంచి పరదా దూలం నెత్తిన పడేదట. తాళ్ళు లాగే మరలొచ్చి ఎన్నేళ్ళయినా నాటకాలవాళ్ళ భయం మాత్రం పోలేదు. బెన్నీ జీవితంలో ఈల వేసి ఎరగడు.

అలాంటిది, తొంభైమూడు మార్చిలో ఒక అమ్మాయి హోటల్లోకొచ్చి, "కొలాడ్నీ గారంటే మీరేనా?" అంది.

పేరు మార్గో. నాటకాల్లోంచి సినిమాలైన పాత కథల మీద డాక్యుమెంటరీ తీస్తోంది. స్టూడియో గిడ్డంగి తవ్వితే యాభైనాలుగు నాటి కాగితం దొరికిందట. సంచిలోంచి తీసి బల్లమీద పెట్టింది. "మెట్ల డాన్సు. పాదాలు: బి. కొలాడ్నీ." కింద సౌండువాడి సంతకం.

థానాసిస్ కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాడు. చేతులు తుడుచుకుని మూడోసారి చదివాడు. ఆ తర్వాత కౌంటరు దాటి వచ్చి, ముప్పై ఏళ్ళుగా ఎగతాళి చేసిన మనిషి తల పట్టుకుని నుదుటిమీద ముద్దుపెట్టాడు. "ఒరేయ్ ముసలోడా! నిజమేనట్రా! నేను పాపిష్టోణ్ణి!" సాయంత్రానికల్లా బెన్నీ పాత ఫోటో ఒకటి అడిగి తీసుకుని, కౌంటరు పైన తన తాత ఫోటో పక్కన తగిలించాడు.

బెన్నీ నవ్వాడు. నవ్వు పళ్ళదాకే వచ్చింది. అబద్ధం అబద్ధంగా ఉన్నన్నాళ్ళూ హాయిగా ఉంది, ఎవరూ నమ్మరు కాబట్టి బరువు లేదు. ఇప్పుడు కాగితం వచ్చి దాన్ని నిజం చేసేసింది.

రెండోసారి వచ్చినప్పుడు మార్గో టేపు తెచ్చింది. "డాన్సు మొదలయ్యే ముందు కొన్ని క్షణాలు కూడా రికార్డయ్యాయండీ. ఎవరూ వినలేదు ఇంతవరకూ." హోటలంతా మూగింది. గరగర శబ్దం. ఎవరో పలకమీద మడమతో రెండుసార్లు తట్టారు. ఆ తర్వాత, సన్నగా, పళ్ళ సందుల్లోంచి ఈల. మెట్ల డాన్సు పాట మొదటి చరణమే. ఈల ఆగింది, పాదాలు మొదలయ్యాయి.

బెన్నీ కొరికిన జున్ను రొట్టెని పళ్ళెంలో పెట్టేశాడు.

"ఎంత బాగుందో కదా!" అంది మార్గో. "నాటకం ఆడిన ఆ పాత థియేటర్లోనే తీస్తాం. మీరు స్టేజిమీద నిలబడి ఇలాగే ఈల వేసి, మొదటి నాలుగడుగులు వేస్తే చాలండీ."

థానాసిస్ మాత్రం కనుబొమలు దగ్గరికి లాగాడు. "నువ్వా, ఈలా?"

"అది స్టూడియో," అన్నాడు బెన్నీ తడుముకోకుండా. "నాటకశాల కాదుగా. స్టూడియోలో దోషం లేదు."

థానాసిస్ తల ఊపాడు. నమ్మాడు. ఇప్పుడు బెన్నీ ఏది చెప్పినా నమ్మేట్టున్నాడు. బెన్నీకి అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ ఈల క్లీవ్ టాలివర్‌ది.

క్లీవ్ స్టూడియోలో పలకలు మోసేవాడు. మెట్లకి మేపుల్ పలక, వీధికి పైన్ పలక, కొన్ని డాన్సులకి ఇసుక చల్లడం, తర్వాత ఊడ్చుకోవడం. నల్లవాడు, అలబామా నుంచి వచ్చాడు. పలక వేశాక మడమతో రెండుసార్లు తట్టి చూసేవాడు, పుచ్చకాయ కొనేవాడిలాగా. నాటకం అడుగులన్నీ తెలుసని కాళ్ళ పనికి బెన్నీని పిలిచారు, కానీ పదకొండో మెట్టు దగ్గర హీరో కాలు నాటకంలో లేని పని చేసింది. జారిందో, కావాలని చేశాడో దేవుడికెరుక. ఆ దెబ్బ బెన్నీకి మూడు రోజులైనా అందలేదు. ముందు పడేది, లేకపోతే వెనక పడేది. మూడోనాడు మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయారు. మీటల దగ్గర సౌండువాడు ఒక్కడే రొట్టె తింటున్నాడు.

"అది లెక్కపెడితే దొరకదు సార్," అన్నాడు క్లీవ్ చీపురు ఆపకుండా. "ఆ కాలు భయపడింది. మీరు భయపడట్లేదు."

"నువ్వు వేస్తావేంటి?" అన్నాడు బెన్నీ, ఒళ్ళుమండి.

క్లీవ్ బెన్నీ బూట్లే వేసుకున్నాడు, కొలత సరిపోయింది. సౌండువాడు రొట్టె నములుతూనే మీట నొక్కి తెరమీద బొమ్మ ఆడించాడు. పలక తట్టాడు. ఈల వేశాడు. పలకమీదే, మెట్లన్నీ పైనుంచి కిందిదాకా దిగినట్టు ఒక్కసారికే ఆడేశాడు. అయ్యాక సౌండువాడు కాగితం తీసి, క్లీవ్‌ని చూశాడు, బెన్నీని చూశాడు, బెన్నీ పేరు రాశాడు.

"రాయనివ్వండి," అన్నాడు క్లీవ్ బూట్లు విప్పుతూ. "పైవాళ్ళకి తెలిస్తే నాకు పలకల పని కూడా ఉండదు. మీరు చెప్పకండి."

బెన్నీ చెప్పలేదు. క్లీవ్ బతికున్నన్నాళ్ళూ ఎవరికీ ఏమీ చెప్పలేదు, తనవని కూడా అనలేదు. అరవైఒకటిలో క్లీవ్ చెల్లెలు కార్డు రాసింది. అన్నయ్య పోయాడు, మీరు మాటమీద నిలబడే మనిషని చెప్పేవాడు, అని. మాటకి ఇక అడ్డు లేదు. అప్పుడు నోరు తెరవాల్సింది, తెరిచాడు కూడా. తెరిచినవాడు క్లీవ్ పేరుకి బదులు తన పేరు చెప్పుకున్నాడు. మొదటిసారి సరదాకే అన్నాడు. జనం నవ్వారు. నవ్వినకొద్దీ పలక చీలింది, ముల్లు వంగింది.

ఏప్రిల్‌లో, పట్టపగలు, ఆ పాత థియేటరుకి వెళ్ళారు. స్టేజి తలుపు దగ్గర కుర్చీలో డెక్లన్ ఉన్నాడు. ఎనభై దాటిన కాపలాదారు, బెన్నీ వెనకవరసలో ఆడిన నాటి నుంచీ అదే కుర్చీ.

"బతికే ఉన్నావట్రా బెన్నీ?"

"నువ్వు చచ్చాక నీ కుర్చీ నాకిస్తానన్నావు, అందుకని ఆగాను."

స్టేజిమీద దీపాలు వెలిగాయి. కెమెరా తిరిగింది. పలక వేశారు. బెన్నీ ముప్పై ఏళ్ళుగా పెట్టెలోంచి తియ్యని ఆనాటి బూట్లు వేసుకుని పెదాలు ముడిచాడు. గాలి వచ్చింది, చప్పుడు రాలేదు. ఈల ఎలా వేస్తారో అతనికి తెలిస్తేగా.

"కంగారు లేదండీ, ఇంకోసారి," అంది మార్గో.

రెండోసారి పిచ్చుకపిల్ల గొంతులాంటిదేదో వచ్చింది. అంతే, తలుపు దగ్గర కుర్చీ కిర్రుమంది.

"ఎవడ్రా అది?" డెక్లన్ కర్ర పొడుచుకుంటూ స్టేజి పక్కకొచ్చాడు. "బెన్నీ! నువ్వా? నా నాటకశాలలో? నడు బయటికి!"

కెమెరావాళ్ళు నవ్వారు. డెక్లన్ నవ్వలేదు. ఈల వేసినవాడు బయటికి పోవాలి, మూడుసార్లు చుట్టూ తిరగాలి, ఉమ్మాలి, తలుపు తట్టి లోపలికి రానివ్వమని అడగాలి. ఆ పద్ధతి ఎవరికీ మాఫీ లేదు. బెన్నీ తల వంచుకుని సందులోకి వెళ్ళాడు. వెనకాల తలుపు మూసుకుంది.

సందులో చెత్తడబ్బాలు, మంటలప్పుడు దిగే ఇనుపమెట్లు, నీళ్ళ చుక్కలు. ఒక చుట్టు తిరిగాడు. ఇంకొక్కసారి వెళ్ళి ఈల వేస్తే అయిపోతుంది. హోటల్లో తన ఫోటో అక్కడే ఉంటుంది, తను పోయాక కూడా. రెండో చుట్టు. మాటమీద నిలబడే మనిషి, అన్న ఆ కార్డు ఇంట్లో బూట్లపెట్టెలో ఉంది. మూడో చుట్టుకి కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాడు. ఉమ్మాడు. తట్టాడు.

"ఎవరు?" అన్నాడు డెక్లన్ లోపల్నుంచి. అలా అడగడమూ పద్ధతిలో భాగమే.

"బెన్నీ కొలాడ్నీ. వెనకవరస, ఎడమనుంచి మూడు." తలుపుకి నుదురు ఆనించాడు. "డెక్లన్, ఆ టేపులో ఈల నాది కాదు. కాళ్ళూ నావి కావు."

తలుపు తెరుచుకుంది. డెక్లన్ వెనక మార్గో నిలబడి ఉంది.

పలకమీదే కూర్చుని అంతా చెప్పాడు. ఒక్క ముల్లు వంచలేదు.

"కాగితంలో మీ పేరుంది," అంది మార్గో. "అతని పేరు ఎక్కడా లేదు. ఫోటో ఉందా? చెల్లెలు ఉందా?"

"లేదు. కార్డొకటుంది. అందులో డాన్సు మాటే లేదు."

"ఎవరండీ సాక్ష్యం?"

"నేనే."

మార్గో తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం లేదు, అదే బాధ. "మీ వీధిలో అందరినీ అడిగానండీ మీ గురించి. సముద్రంలో ముప్పై మైళ్ళు ఈదానన్నారట. మీరే సాక్ష్యమైతే నేనేం చెయ్యను?"

"టేపు పెట్టు. ఆడతాను. పదకొండో మెట్టు దగ్గర ఎలా తప్పుతానో చూడు."

ఆడాడు. తప్పాడు. రెండుసార్లు ఆడి రెండుసార్లూ తప్పి, మోకాలు పట్టుకుని వంగిపోయాడు. "డెబ్భైనాలుగేళ్ళకి ఎవరైనా తప్పుతారండీ," అంది మార్గో మెల్లగా.

అప్పుడు డెక్లన్ కర్రతో పలకమీద కొట్టాడు. "అమ్మాయ్, కాళ్ళ సంగతి నాకు తెలీదు. వీడు అబద్ధాలకోరు, అది దేవుడికీ తెలుసు. కానీ ఆ ఈల వీడిది కాదు. ఆరువందల ఆటల్లో నేను వినలేదు. తోటివాడు ఈల వేశాడని ఒకసారి ఆటే మొదలెట్టనివ్వలేదు వీడు. ఇందాక నువ్వు విన్న ఆ కూత, అదే వీడు పుట్టాక వేసిన మొదటి ఈల."

మార్గో కెమెరావాడివైపు చూసింది. వాడు తల ఊపాడు. అంతా తీశాడు.

నవంబరులో టీవీలో వేశారు. సాయంత్రం థానాసిస్ హోటల్లో అందరూ కౌంటరు పైన టీవీకి మెడలెత్తి కూర్చున్నారు. మెట్ల డాన్సు వచ్చింది. బొమ్మకి ముందు నల్లటి తెర, తెరమీద ఏమీ లేదు, పలక తట్టిన రెండు దెబ్బలు, ఈల. తర్వాత అక్షరాలు: "పాదాలు: క్లీవ్ టాలివర్, అని బెన్నీ కొలాడ్నీ చెబుతున్నారు."

అని చెబుతున్నారు. ఆ రెండు మాటలే బెన్నీ లోపల మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. అతని మాట అనే ముద్ర లేకుండా క్లీవ్ పేరు లోకానికి వెళ్ళలేదు. ఆ ముద్ర అరిగినంతగా సన్నీసైడ్‌లో చెప్పుల అడుగులు కూడా అరగలేదు.

ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి, భూకంపం గురించి ఎవరూ అడగలేదు. బెన్నీకి ముళ్ళమీద కూర్చున్నట్టుంది. థానాసిస్ లేచి కౌంటరు పైన బెన్నీ ఫోటో దగ్గరికెళ్ళాడు. చెయ్యి పెట్టాడు. తీయలేదు, పక్కకి మాత్రం జరిపాడు, మధ్యలో ఒక ఫోటో పట్టేంత ఖాళీ వచ్చింది.

"ఇక్కడ పెట్టడానికి బొమ్మ లేదంటున్నావు," అన్నాడు వెనక్కి తిరక్కుండా. "సరే, చెప్పు. ఎలా ఉండేవాడు ఆ టాలివర్?"

రైలు వచ్చింది. బెన్నీ ఈసారి నోరు తెరిచి పట్టుకోలేదు. మూసుకుని, చప్పుడంతా పోయేదాకా ఆగాడు.

"ఆరడుగుల నాలుగంగుళాలు," అన్నాడు. ఆగి, చెయ్యి గాల్లోంచి కిందికి దించాడు. "కాదు. నా అంతే ఉంటాడు. నా బూట్లు సరిపోయాయి వాడికి."