నాగాయలంక బీరువాలో సబీనా కార్డు

గుడివాడ నుంచి నాగాయలంక వెళ్లిరావడానికి ఒక ఆదివారం చాలు. పొద్దున్నే రైల్లో బందరు, అక్కణ్ణించి బస్సులో దివిసీమ, రాత్రి భోజనానికి మళ్లీ ఇంట్లో. పసిపిల్లతో కూడా ఇబ్బంది లేదు. రెండు పాలసీసాలు, ఒక గొడుగు, మామూలుకన్నా కాస్త ఎక్కువ ఓపిక వెంట ఉంటే సరి. మేం మాత్రం షికారుకని బయలుదేరలేదు. మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఒక మెసేజీ మమ్మల్ని బయలుదేరదీసింది.

వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన పనివాళ్లంతా సోమవారం ఉదయం గేటు దగ్గర అసలు గుర్తింపు కార్డు చూపించాలి, జిరాక్సులు చెల్లవు, కార్డు లేనివాళ్లకు లోపలికి ప్రవేశం లేదు అని సెక్రటరీ గారు పెట్టారు. వారం రోజులుగా టీవీలో సరిహద్దు దాటి దొంగతనంగా వచ్చినవాళ్ల గురించే చర్చలు. ఆ వేడి మా ఐదంతస్తులకూ తగిలింది.

మా పాపని చూసుకునే సబీనాది బెంగాల్లో సుందర్బన్ దగ్గర ఊరు. నేను విజయవాడలో ఒక ఆడిటరు గారి ఆఫీసులో పనిచేస్తాను. ఎనిమిదింటి బస్సు ఎక్కితే సాయంత్రం ఏడింటికి ఇంటికి చేరతాను. ఆ మధ్యలో పాప సబీనాదే. పద్నాలుగు నెలలు వచ్చినా పాప ఇంకా నడవలేదని నేను డాక్టరు చుట్టూ తిరుగుతుంటే, సబీనా మాత్రం "నడుస్తుంది దీదీ, తొందర ఏముంది" అని నవ్వేసేది. ఇన్ని నెలల్లో తన కార్డు చూపించమని నేను ఒక్కసారీ అడగలేదు. మెసేజీ చూశాక అడిగాను.

"కార్డు మావయ్య బీరువాలో, దీదీ" అంది, అందరి కార్డులూ అక్కడే ఉంటాయన్నట్టు.

మావయ్య అంటే మా అమ్మకు తమ్ముడి వరస. నాగాయలంకలో రొయ్యల చెరువులున్నాయి. సబీనా, తన భర్త రఫీక్ మొదట ఆ చెరువుల మీద పనికే వచ్చారు. పాపకి మనిషి దొరక్క నేను ఏడుస్తుంటే సబీనాని మావయ్యే పంపించాడు. మనిషిని పంపాడు గానీ కార్డు పంపలేదు. ఫోన్లో కార్డు కాపీ దించుకుందామంటే ఓటీపీ వచ్చే సబీనా పాత నంబరు పోయింది. మావయ్యకి ఫోన్ చేస్తే, "ఎక్కడికీ పోలేదులేవే, భద్రంగా ఉంది. ముప్పై కార్డుల్లో ఏది ఎవరిదో నేనేం పోల్చుకుంటాను? వచ్చి వెతుక్కోండి. రొయ్యల కూర తిని వెళ్దురు గాని" అన్నాడు.

మావారికి ఆదివారం డ్యూటీ ఉంది. బ్యాగు సర్దుతుంటే, "అసలు కార్డు ఉందంటావా?" అన్నారు. నాకు నిద్ర పట్టకపోవడానికి ఆ మాట చాలింది.

ఆరూ నలభైకి రావలసిన ప్యాసింజరు ఏడింటికి వచ్చింది. బందరుకు టికెట్టు పది రూపాయలు. ఆదివారం కాబట్టి కిటికీ పక్క సీట్లు దొరికాయి. గుడ్లవల్లేరు దాటాక రెండు వైపులా నాట్ల సందడి. నీళ్లు నిండిన మడుల్లో మబ్బులు కనబడుతుంటే పాప కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి వాటిని రమ్మని పిలిచింది. ఎదురు సీట్లో చిలకలపూడి రోల్డుగోల్డు వ్యాపారి ఒకాయన ఒళ్లో నగల పెట్టె పెట్టుకుని కూర్చున్నారు. సబీనా ఊరు అడిగి తెలుసుకుని, "బెంగాలోళ్ల చెయ్యి సన్నపనికి మంచిదండీ" అన్నారు. పెదన వచ్చేసరికి పాపకి ఒక చెవిపోగు చూపించి, నోట్లో పెట్టుకోబోతే గబుక్కున వెనక్కి లాక్కున్నారు.

ఎనిమిదింబావుకు బందరు. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాం, పాప సగం ఇడ్లీ తిని సగం నా చీరకి రాసింది. మావయ్యకి అరకిలో బందరు లడ్డూ కొన్నాను. తొమ్మిదింటికి నాగాయలంక పల్లెవెలుగు బయలుదేరింది.

ఆడవాళ్లకు బస్సు ఉచితం గదా, కండక్టరమ్మ వచ్చి కార్డు అడిగింది. నాది చూపిస్తే సున్నా టికెట్టు ఇచ్చింది.

"ఆ అమ్మాయిదేదండీ?"

"లేదండీ."

"అయితే డెబ్బై రూపాయలు."

టికెట్టు తీసుకున్నాం. ముందు సీట్లోని తెల్లచొక్కా పెద్దాయన వెనక్కి తిరిగి సబీనాని అడిగారు. "ఏ ఊరమ్మా?"

"బెంగాల్."

"బెంగాలా, బెంగాల్ అవతలా?"

నవ్వుతూనే అడిగారు. జవాబు నేనే చెప్పబోయాను. అంతలో మా వెనక సీటు నుంచి ఒక గొంతు ఖంగుమంది.

"అవతలో ఇవతలో, మా పొట్ట కొడుతున్నారు బాబాయ్!"

ఆవిడ పేరు నాంచారమ్మ. నలభై అయిదేళ్లుంటాయి, ఒళ్లో వైరు బుట్ట. ఇరవై మంది ఆడవాళ్ల నాట్ల ముఠాకి ఆవిడే పెద్ద అని రెండు నిమిషాల్లో బస్సంతటికీ తెలిసింది.

"నిరుడు మాకిస్తానన్న ఎకరాలు బెంగాలోళ్లకి ఇచ్చేశాడండీ ఆ రైతు. ఎందుకంటే తక్కువకి వేసి పోతారంట. కార్డు లేదు, అడిగే నోరు లేదు. ఇంక మా రేటు ఎట్టా నిలబడిద్ది?"

పెద్దాయనకి ఆవిడ బాగా పరిచయమే. "మరి నువ్వు కువైట్లో వెలగబెట్టిందేంటే? వీసా అయిపోయాక మూడేళ్లు దాక్కుని పనిచెయ్యలా?"

బస్సంతా నవ్వింది. నాంచారమ్మ కూడా నవ్వింది.

"చేశాను. చేశాను కాబట్టే చెబుతున్నా. నా పాస్‌పోర్టు ఆ ఇంటాయన పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు. గొడవపడి ఉత్త చేతుల్తో బయటికొచ్చేశా. అక్కణ్ణించీ కాయితమున్న పిల్లకి ఇచ్చే దాంట్లో సగానికే చాకిరీ. ఎక్కువడిగితే పోలీసుల్ని పిలుస్తానంటారు. నేనేమన్నా ముచ్చటపడి తక్కువకి చేశానా?"

"అది సరేనే. నారు ముదిరిపోతుంటే రైతేం చెయ్యాలి? మీ ముఠా రేపు, ఎల్లుండి అంటది. ఎవరో ఒకరు మడిలో దిగితే చాలనిపిస్తది మాకు. అయినా దేశమన్నాక ఒక గేటు ఉండాలిగా. ఎవడుబడితే వాడొచ్చేస్తే ఎట్టా?"

"దేశానికి గేటు కావాలి, నీ చేలోకి మాత్రం ఎవరు దిగినా పర్లేదు. బాగుంది బాబాయ్!"

ఈసారి డ్రైవరు కూడా నవ్వాడు. పెద్దాయన తల గోక్కుంటూ, "అదంతా గవర్నమెంటోళ్లు తేల్చాలి" అన్నారు. చల్లపల్లిలో దిగుతూ పాప బుగ్గ తట్టి, సబీనాతో "ఏమనుకోకమ్మాయ్" అని కూడా అన్నారు. టీవీలో గంటలకొద్దీ చూసిన చర్చ నాకు ఇక్కడ చల్లపల్లిలోపే అర్థమైనట్టనిపించింది. తేలలేదు గానీ, ఎవరికి ఎక్కడ నొప్పి పుడుతోందో తెలిసింది.

మోపిదేవి దాటాక ధైర్యం చేసి నాంచారమ్మకి మా సంగతి చెప్పాను. కార్డు మా మావయ్య బీరువాలో ఉందనగానే ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"మీ మావయ్యే దాచాడా? అయితే తెచ్చి ఈ పిల్ల చేతిలో పెట్టండి. కార్డు చేతిలో ఉన్న మనిషి నచ్చకపోతే మానేసిద్ది. మానేసే మనిషికి ఎవడైనా సరైన కూలి ఇచ్చి తీరాలి. అప్పుడు మా ముఠా రేటూ నిలబడిద్ది. ఈ పిల్ల మీద ప్రేమతో చెప్పట్లా, నా కోసమే చెబుతున్నా."

అని పాపకి బుట్టలోంచి జామకాయ తీసిచ్చింది. పులిగడ్డ దగ్గర అక్విడక్టు వంతెన దాటుతుంటే కింద కృష్ణ ఎర్రగా పారుతోంది. పాప జామకాయతో నదికి టాటా చెప్పింది. నాంచారమ్మ అవనిగడ్డలో దిగిపోయింది. ఆవిడ చెప్పిన దాంట్లో "మానేసిద్ది" అన్న మాట మాత్రం దిగకుండా నాతోనే నాగాయలంక దాకా వచ్చింది. రఫీక్ ఇక్కడే ఉన్నాడు. కార్డు చేతికొస్తే సబీనా ఇక్కడే ఉండిపోతానంటే? సోమవారం పాపని ఎవరికి అప్పగించి ఎనిమిదింటి బస్సెక్కాలి?

పదకొండున్నరకి దిగాం. ఆటోలో పావుగంట వెళ్తే మావయ్య ఇల్లు. ఇంటి వెనకాలే చెరువులు మొదలవుతాయి. రొయ్యలకి గాలి అందేందుకు నీటి మీద పెట్టిన చక్రాలు గిరగిరా తిరుగుతూ నురగలు చిమ్ముతుంటే, పాప ఏదో తిరనాళ్లకి వచ్చినట్టు కేరింతలు కొట్టింది. అత్తయ్య రొయ్యలు వేయించి, గోంగూరలో వేసి వండింది. ఆ భోజనం గురించి ఎక్కువ రాస్తే మిగతా కథ రాయలేను.

తిన్నాక మావయ్య బీరువా తెరిచి ఒక బిస్కట్ల డబ్బా తీశాడు. రబ్బరు బ్యాండు వేసిన కార్డుల కట్ట. "నా పొలం పాసుపుస్తకం పక్కనే పెట్టాను చూడు. చెమ్మ తగలకుండా" అన్నాడు గర్వంగా. నిజంగానే ఒక్క కార్డుకీ మరక లేదు.

సబీనా వేళ్లతో చకచకా తిరగేసి తన ఓటరు కార్డు బయటికి తీసింది. ఫొటోలో పద్దెనిమిదేళ్ల పిల్లలా ఉంది. ఊరు, జిల్లా, పశ్చిమ బెంగాల్, అన్నీ ఉన్నాయి. నేను రెండుసార్లు చదివి ఊపిరి పీల్చుకున్నాను. రెండోసారి చదివినందుకు సిగ్గేసింది కూడా.

"ఎందుకు మావయ్యా వీళ్ల కార్డులు నీ దగ్గర?"

"అందరం అంతేనే ఇక్కడ. పంట మధ్యలో పక్క చెరువు వాడు పిలిస్తే వెళ్లిపోతారు. రోజుకి నాలుగుసార్లు మేత వెయ్యాలి, ఒక పూట తప్పితే రొయ్య తేలిపోద్ది. రొయ్యల పట్టుబడి అయ్యాక ఎవరిది వాళ్లకి ఇచ్చేస్తా."

"మరి పోలీసులొచ్చి కార్డేదని వాళ్లనడిగితే? కార్డు లేనివాళ్లు అని మనమే అంటున్నాం, ఆ కార్డులు మన బీరువాల్లోనే పెట్టుకుంటున్నాం."

"బస్సులో ఎవరన్నా లీడరు ఎక్కిందా?" అన్నాడు మావయ్య. ఎక్కిందని చెప్పాను.

అప్పటికి రఫీక్ చెరువు మీంచి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. పాపని చూసి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. సబీనా డబ్బాలోంచి అతని కార్డు కూడా తీసి పట్టుకుని మావయ్య వైపు చూసింది.

"వీడిదీనా? రేపు వీడు పోతే నా చెరువెవరు చూస్తారు?"

రఫీక్ మెల్లగా అన్నాడు. "మేత టైము నాకు తెలుసు సార్. కార్డుకి తెలీదు."

అత్తయ్య ఫక్కున నవ్వింది. మావయ్య తనూ నవ్వేసి, "తీసుకోరా" అన్నాడు. మిగతా కార్డులకు రబ్బరు బ్యాండు వేసి మళ్లీ డబ్బాలోనే పెట్టాడు. "అడిగితే ఇస్తాలేవే" అన్నాడు, నేను చూడటం చూసి. అడిగేలా చెప్పమని రఫీక్‌తో అన్నాను. అతను తలూపాడు.

బయలుదేరేముందు రఫీక్, సబీనా చెరువు గట్టు మీద చాలాసేపు మాట్లాడుకున్నారు. బెంగాలీ నాకు ఒక్క ముక్క రాదు. అతను షెడ్డు పక్కన కొత్తగా వేసిన రేకుల గది చూపించడం మాత్రం కనబడింది.

మూడింటి బస్సులో కండక్టరు కార్డులడిగితే నేను హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి నాదీ సబీనాదీ రెండు కార్డులూ అందించాను. సబీనా మొహం వెలిగిపోయింది. ఆయన చూసి, "ఇది బెంగాల్ది గదమ్మా, మన రాష్ట్రం కార్డుకే ఉచితం. డెబ్బై రూపాయలు" అన్నాడు. సబీనా నవ్వి, నన్ను ఆపి, తన పర్సులోంచే ఇచ్చింది. "ఇప్పుడు పర్లేదు దీదీ. పొద్దున లేదని కట్టాం. ఇప్పుడు ఉండి కట్టా."

ఆయన తిరిగిచ్చిన కార్డులు రెండూ బ్యాగులో వేసి జిప్పు లాగుతుంటే చెయ్యి ఆగిపోయింది. ఆటో దిగేటప్పుడు చినుకులు పడుతున్నాయని, తడుస్తుందని, సబీనా కార్డు నేనే తీసుకుని లోపల పెట్టుకున్నాను. చెమ్మ తగలకుండా! తను అడగలేదు. నేనూ ఇవ్వలేదు. ఇవ్వకపోవడానికి చినుకులొక్కటే కారణం కాదని నాకు తెలుసు.

అయినా బందరు దాకా జిప్పు తియ్యలేదు. రైలు చిలకలపూడి దాటాక తీసి తన చేతిలో పెట్టాను. "నీ దగ్గరే ఉంచుకో." తను కార్డుని చిన్న పర్సులో దూర్చి, పర్సుని రవికెలో దోపుకుంది.

పెదన వెళ్లేదాకా ఆగి అడిగాను. "రఫీక్ ఏమన్నాడు?"

"ఉండిపో అన్నాడు. గది ఉందట."

"నువ్వేమన్నావు?"

"పాప నడవనీ, అప్పుడు చెప్తా అన్నాను."

నాకు వచ్చిన నవ్వు ఇంతా అంతా కాదు. రెణ్ణెల్లుగా పాప నడవాలని నేను మొక్కని దేవుడు లేడు. ఇప్పుడేమో ఇంకొన్నాళ్లు ఆగితే బాగుండుననిపించింది. పాప ఆగలేదు. గుడ్లవల్లేరులో రైలు ఆగి కదిలింది. సబీనా మోకాళ్లు పట్టుకుని నిలబడిన పాప, మావారికని బందరులో మళ్లీ కొన్న లడ్డూ పొట్లం నా చేతిలో చూసి, పట్టు వదిలేసింది. ఒక అడుగు. ఇంకొకటి. రైలు ఊగింది, పాపా ఊగింది, మూడో అడుగుకి నా ఒళ్లో పడింది. పక్కవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను పాపని గుండెకి హత్తుకుని సబీనా వైపు చూశాను. నా మొహంలో ఏం కనబడిందో గాని, తను నవ్వింది.

ఆదివారం ఒక్కరోజులో దివిసీమ చూసిరావచ్చని మొదట్లో రాశాను. నదీ, నాట్లూ, గోంగూర రొయ్యలూ చూడవచ్చు. కార్డు ఎవరి చేతిలో ఉందో కూడా గమనిస్తే ఆ ప్రాంతం ఇంకాస్త బాగా కనబడుతుంది.

గుడివాడ దీపాలు కనబడుతుంటే సబీనా పాప చెప్పులు వెతికి తొడుగుతూ అంది.

"ఇది రైలు నడక దీదీ. కిందంతా కదులుతోంది. లెక్కలోకి రాదు. రేపు ఎనిమిదింటి బస్సేగా నీకు?"