స్టాండుకు పడటం రాదు

పొద్దున లేవగానే అతను చేసే మొదటి పని, తన రెండు ఊతకర్రలనూ తలకిందులుగా మంచానికి ఆనించి, కింది రబ్బరు బుడిపెలను వేలితో తడిమి చూడటం. రబ్బరు ఎక్కడ అరిగిందో కంటి కన్నా వేలికి ముందు తెలుస్తుందని అతని నమ్మకం. పదిహేనో ఏట నుంచీ సైకిళ్ళు బాగుచేసినవాడు. ఎడమ కర్ర బుడిపె ఎప్పుడూ ముందు అరిగేది, అదీ బయటి అంచున. దాన్ని తీసి కుడి కర్రకు, కుడిదాన్ని ఎడమకు తొడిగేవాడు. తర్వాత కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం దేవుణ్ణి తలుచుకుని, కుడి కాలు నేల మీద మోపేవాడు. ఎడమ కాలు మోకాలి పైనుంచి లేదు.

"కోపమొస్తే ఎవడైనా ఒంటికాలి మీద లేస్తాడు. మా బామ్మర్ది కోపం రాకుండానే రోజూ అలా లేస్తాడు," అనేవాడు బావ. బావ అంటే అక్క భర్త, సిటీ బస్సు డ్రైవరు. ఆ మాట ఆయన వెయ్యిసార్లు అని ఉంటాడు. వెయ్యిసార్లూ అతను నవ్వాడు. ఎదుటివాడి పాత హాస్యానికి నవ్వడం కూడా ఒక దానమే.

వీధిలో అందరూ అతన్ని స్టాండు అని పిలిచేవారు. ఆ పేరు అతను పెట్టుకున్నదే. ఆస్పత్రి నుంచి వచ్చి కొట్టు తెరిచిన మొదటి రోజున, జాలిపడాలో పలకరించాలో తెలియక గుమ్మం ముందు నిలబడిపోయిన నలుగురికి, ఒక సైకిలును సైడు స్టాండు వేసి చూపించాడు.

"ఇది ఒక్క కాలి మీదే నిలబడుతుంది. దీన్ని చూసి ఎవరైనా ఏడ్చారా? మరి నన్ను చూసి ఎందుకు? పంక్చరుంటే చెప్పండి."

ముందు గది కొట్టు. వెనక రెండు గదుల్లో అక్క, బావ, అతను. కొట్టు నుంచి ఇంట్లోకి రెండు మెట్లెక్కాలి. అక్క ఆ మెట్ల పక్కన కిటికీ దగ్గర కూర్చుని దర్జీ కొట్టు నుంచి వచ్చే చొక్కాలకు కాజాలు కుట్టేది. అక్కడ కూర్చుంటే వెలుతురు బాగా పడుతుందని చెప్పేది. అక్కడి నుంచి తమ్ముడు కనబడతాడన్నది అసలు సంగతి.

సరుకుల గిడ్డంగి ముందు వెనక్కి వస్తున్న లారీ కింద కాలు పోయినప్పుడు అతనికి ఇరవై ఆరేళ్ళు. వార్డులో మొదటిసారి కర్రలు పట్టుకుని లేచిన రోజున, అక్క కొళాయి దగ్గరికి వెళ్ళి వచ్చేలోపు బోర్లా పడ్డాడు. పెదవి చిట్లింది. అక్క ఏడవలేదు. అతన్ని లేపి, కొంగుతో నెత్తురు తుడిచి, "నేనుండగా నిన్ను ఇంకోసారి నేల తాకనివ్వను," అంది.

అన్నమాట నిలబెట్టుకుంది. పన్నెండేళ్ళు. అతను మెట్టు ఎక్కబోతే ఆమె చెయ్యి ఎడమ చంక కింద ఉండేది. తడి నేల మీద కర్ర జారబోతే ఆ చెయ్యే. సూది పళ్ళ మధ్య బిగించి, చొక్కా ఒళ్ళోంచి జారిపోతున్నా చూడకుండా లేచి వచ్చేది. అడుగుల చప్పుడు కూడా వినిపించేది కాదు. నీళ్ళు కావాలనుకునేలోపు గ్లాసు పక్కన ఉండేది. అందువల్ల ఆ పన్నెండేళ్ళలో అక్కను ఫలానాది చేసిపెట్టమని అతను అడిగిన సందర్భం ఒక్కటీ లేదు. అడిగే అవకాశం ఆమె ఇవ్వలేదు.

ఆట సంగతి ఒక వంగిన కర్రతో మొదలైంది. పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే గుమాస్తా ఒకాయన, ఆయనకూ ఒక కాలు లేదు, విల్లులా వంగిన ఊతకర్ర పట్టుకుని కొట్టుకొచ్చాడు.

"ఇదెలా వంగింది సార్?"

"గోలు కొట్టాను."

"కర్రతోనా?"

"కర్రతో కొడితే ఈల వేస్తారు. మా ఫుట్‌బాల్లో దాన్ని కర్ర అనరు, చెయ్యి అంటారు. బంతికి కావాలని తగిలించామా, 'చెయ్యి' అని అరుస్తారు. రెండు చేతుల మీదా బరువేసి ఊగి, ఉన్న కాలితో కొట్టాలి."

"అల్యూమినియం ఒకసారి వంగితే మళ్ళీ నమ్మకూడదు," అని స్టాండు ఆ కర్రలోకి పాత సైకిలు సీటు కింది ఇనప గొట్టాన్ని దిగగొట్టి ఇచ్చాడు. ఇచ్చాడు గాని, అల్యూమినియాన్ని అంతలా వంచే ఆటేమిటో చూడాలనిపించింది. ఆ ఆదివారం వెళ్ళాడు. పై ఆదివారం ఆడాడు.

జట్టుకు ఏడుగురు. ఆరుగురికి ఒక్కో కాలే, కర్రల మీద ఆడతారు. గోలు దగ్గర నిలబడేవాడికి కాళ్ళు రెండూ ఉంటాయి, చెయ్యే ఒకటి. అతను బేకరీలో పిండి కలిపేవాడు, ముద్దుపేరు గేటు. కొత్తగా వచ్చినవాళ్ళకు జట్టును అతనే పరిచయం చేసేవాడు: "ఏడుగురం, ఎనిమిది కాళ్ళు, పదమూడు చేతులు. ఒక్కటి ఎక్కువైనా ఆడనివ్వరు. ఎక్కడైనా తక్కువైతే తీసుకోరు, ఇక్కడ ఎక్కువైతే తీసుకోరు!"

ఆట నేర్పేది ఒక పాత డ్రిల్లు మాస్టారు. బడి నుంచి రిటైరైనా మెడలో ఈల తీయలేదు. ఆయన నేర్పే మొదటి పాఠం బంతి కొట్టడం కాదు, పడటం. గడ్డం ఛాతీకి ఆనించాలి, మోచేతులు లోపలికి ముడవాలి, భుజం మీద దొర్లాలి. నేలతో పోట్లాడకూడదు. అందరికీ అది ఒక వారంలో వచ్చింది. స్టాండు మిగతావన్నీ నేర్చుకున్నాడు. ఎదుటివాడు ఎటు ఊగబోతున్నాడో వాడి కర్రల కోణం చూసి చెప్పగలిగేవాడు, బంతి మెత్తగా లాగేసుకునేవాడు. మాస్టారు అతన్ని ఎడమ పక్క వెనకవైపు నిలబెట్టారు. పడటం మాత్రం రెండేళ్ళయినా రాలేదు. మానులా ఎడమకు ఒరిగి, ఆఖరి క్షణంలో చెయ్యి చాచి, మణికట్టు మీద పడేవాడు.

"పడేటప్పుడు ఎవరికోసం చూస్తావయ్యా?" అన్నారు మాస్టారు ఒకసారి.

"ఎవరికోసమూ చూడను మాస్టారూ."

"తల ఎడమకి తిరుగుతోంది. బస్సు కోసం చూసినట్టు చూస్తావ్."

మొదటిసారి మణికట్టు బెణికింది. పానా జారిందని అక్కకు అబద్ధం చెప్పాడు. రెండోసారి ఎముక చిట్లి ఆరు వారాలు కట్టు కట్టారు. అప్పుడు పానా మీద నెట్టడం కుదరలేదు. కట్టు విప్పిన డాక్టరు ఆ చేతిని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది నీకు చెయ్యి కాదయ్యా, కాలు. ఇంకోసారి విరిగితే మళ్ళీ కర్ర పట్టే బలం రాకపోవచ్చు. నడవడం ఎలాగో, పని ఎలాగో ఆలోచించుకో."

ఆ మాట విన్న అక్క, "వచ్చే ఆట ఎప్పుడు? నేనూ వస్తాను. ఏం జరుగుతోందో నా కళ్ళతో చూస్తాను," అంది.

బావ సెలవు పెట్టి తీసుకొచ్చాడు. ఎడమ పక్క గీత అవతల నిలబడ్డారు. మొదటి సగమంతా అక్క కళ్ళు తమ్ముడి మీదే ఉన్నాయి. తమ్ముడు కర్రల మీద ఎగిరి బంతి తీసినప్పుడు బావ చప్పట్లు కొడితే, "నెమ్మది, వాడు బెదురుతాడు," అంది.

రెండో సగంలో ఎదుటి జట్టు కుర్రాడొకడు బంతితో దూసుకొచ్చాడు. భుజాలు తగిలాయి. స్టాండు ఎడమకు ఒరిగాడు. అతను నేల మీద పడకముందే అక్క గీత దాటింది. చెప్పులు వెనకే ఉండిపోయాయి. చంక కింద చెయ్యి వేసి, మెట్ల మీద ఎలా పట్టుకునేదో అలాగే పట్టుకుని నిలబెట్టింది. బంతి వాళ్ళిద్దరి కాళ్ళ మధ్య ఆగిపోయింది.

రిఫరీ ఈల వేశాడు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఇలాంటిది ఆయన చూసి ఉండడు.

"అమ్మా... మీరెవరు?"

"వాడక్కని."

"ఏ జట్టు?"

గోలు దగ్గర నుంచి గేటు అరిచాడు: "రెండు కాళ్ళున్నాయి సార్, చెల్లదు!"

మైదానమంతా నవ్వింది. ఎదుటి జట్టు కుర్రాడు నవ్వుతూనే అక్క చెప్పులు తన కర్రతో గీత దగ్గరికి జరిపి, ఆమె వేసుకునేదాకా పక్కనే నిలబడ్డాడు. ఆట మళ్ళీ మొదలైనప్పుడు బంతిని తనంతట తానే వీళ్ళవైపు తన్నేశాడు. స్టాండు నవ్వలేదు. మాస్టారూ నవ్వలేదు.

ఆట అయ్యాక మాస్టారు అతన్ని పక్కకు పిలిచారు.

"నువ్వు ఎవరికోసం చూస్తావో తెలిసింది. తప్పు నీది కాదు, ఆవిడదీ కాదు. ఎడమకి ఒరిగితే ఒక చెయ్యి వస్తుందని నీ ఒళ్ళు పన్నెండేళ్ళుగా నేర్చుకుంది. అది నేను నేర్పినదానికన్నా గట్టి పాఠం."

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"పోటీలు నెల్లో ఉన్నాయి. పడటం వస్తే ఆడు. రాకపోతే నేనే కూర్చోబెడతాను. నీ చెయ్యి విరగ్గొట్టి నీ కొట్టు మూయించిన పాపం నాకొద్దు నాయనా."

ఇంట్లో మాట ఇంకా చిన్నదిగా తేలింది. "చాలు. మానెయ్," అంది అక్క, చొక్కా మీద నుంచి తల ఎత్తకుండా. అతను మానలేదు, మానతానని అనలేదు. అక్కకు ఎదురు చెప్పడం అతనికి అలవాటు లేదు. వాదించడానికి ఆమె ఎప్పుడూ ఏమీ మిగల్చలేదు కూడా.

ఆ రోజు నుంచి సాయంత్రాలు గుమాస్తా, గేటు కలిసి అతన్ని తోయడం మొదలుపెట్టారు. గోనెసంచులు పరిచి, వెనక నుంచి, పక్క నుంచి, మాటల్లో పెట్టి తోశారు. పది రోజుల్లో అతను చక్కగా దొర్లడం నేర్చాడు. గేటు మురిసిపోయి, "నా పిండిముద్ద కూడా ఇంత అందంగా పడదు," అన్నాడు. తీరా ఆదివారం ఆటలో దిగి, అలిసిపోయి, ధ్యాస తప్పిన క్షణంలో, మళ్ళీ అదే ఎడమ పక్కకు, అదే తల తిప్పి ఒరిగాడు. ఆ రోజు మట్టి మెత్తగా ఉండబట్టి దేవుడి దయవల్ల చర్మం మాత్రమే గీరుకుంది.

"వీళ్ళు తోస్తే సరిగ్గా పడతావు," అన్నారు మాస్టారు. "వీళ్ళు పట్టుకోరని నీ ఒంటికి తెలుసు."

స్టాండు ఆ మాటను రెండు రోజులు మోశాడు. పంక్చర్లు వేస్తూ, చువ్వలు బిగిస్తూ మోశాడు. మూడో రోజు మధ్యాహ్నం, కొట్టులో ఎవరూ లేనప్పుడు, పెరట్లో గోనెసంచులు పరిచి, వాటి మీద పాత ట్యూబులు చుట్టలుగా పేర్చి, అక్కను పిలిచాడు.

ఆమె అప్పటికే వచ్చేసింది. సూది పళ్ళ మధ్య ఉంది. చెయ్యి ఎడమ చంక కిందికి వచ్చింది.

"అక్కా, నిన్నొక సాయం అడగాలి."

ఆమె సూది తీసి కొంగుకు గుచ్చుకుంది. ఆ మాట అతని నోట ఆమె ఎన్నడూ వినలేదు.

"నీళ్ళా?"

"కాదు."

"లోపల పడుకుంటావా? నడుం నొప్పిగా ఉందా?"

"నన్ను తొయ్యి."

"ఏంటి?"

"వెనక నుంచి తొయ్యి. చెప్పకుండా తొయ్యి. గుమాస్తా తోశాడు, గేటు తోశాడు, వాళ్ళ చేతులు చాలట్లేదు. నీ చెయ్యే కావాలి."

"నీకు పిచ్చా? నేనా? నిన్నా?"

భోజనం చేసి చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకొచ్చిన బావ చెంబుతో అక్కడే ఆగిపోయాడు. "ఒరే, ఆ పని నాకివ్వరా. పెళ్ళైన దగ్గర్నుంచీ బామ్మర్దిని ఒక్కసారి తొయ్యాలని కోరిక."

"మీరు ఊరుకోండి," అంది అక్క. "నా చేత్తో నేను తొయ్యలేనురా. దేవుడి సాక్షిగా ఆ రోజు ఆస్పత్రిలో మాటిచ్చాను."

"పడితే విరుగుతుందని నీ భయం. పడటం రాకపోతేనే విరుగుతుంది, డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావు. ఇన్నేళ్ళూ అడక్కుండానే అన్నీ చేశావు అక్కా. ఇదొక్కటీ అడుగుతున్నాను."

ఆమె చెయ్యి ఇంకా అతని చంక కిందే ఉంది. అతను కర్రలు సర్దుకుని, నెమ్మదిగా ఆ చేతిలోంచి బయటికి జరిగి, సంచుల వైపు తిరిగి, ఆమెకు వీపు పెట్టి నిలబడ్డాడు.

"ఎప్పుడని చెప్పకు, లెక్క పెట్టకు. నీకు ఎప్పుడు తోస్తే అప్పుడు తొయ్యి. పడ్డాక మాత్రం లేపకు."