వీరమాత ఏడవదని రాశాను

మా చిన్నప్పుడు... బడి వరండాలో మైకు ముందు నిలబడి, పిడికిలి బిగించి అరుస్తున్నాను నేను.

తొమ్మిదో తరగతి. పెనుగొండ పక్కన చిన్న ఊరు మాది. సరిహద్దు కొండల్లో యుద్ధం జరుగుతోందని రోజూ టీవీలో చూపిస్తున్నారు. మా బడిలో సైనికుల మీద కవితల పోటీ పెట్టారు. వారం రోజులు నిఘంటువు ముందేసుకుని రాశాను... రణభేరి, రుధిరధార, సింహగర్జన... దొరికిన పెద్ద మాట ఏదీ వదల్లేదు. నాన్న బట్టల కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపించాను.

ఆఖరి పాదమంటే నాకు మహా ఇష్టం...
"కొడుకు నేలకొరిగినా కంటతడి పెట్టదు వీరమాత!"

చప్పట్లు మోగిపోయాయి.

నా తర్వాత మా క్లాసు వరలక్ష్మి లేచింది. వాళ్ళన్నయ్య సత్తిబాబు సైన్యంలో ఉన్నాడు, అప్పుడు ఆ కొండల్లోనే. అందుకని వాళ్ళమ్మ మంగమ్మ గారిని పిలిచి, ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వరలక్ష్మి కాగితం ఒకసారి చూసుకుని, పక్కింటివాళ్ళతో మాట్లాడుతున్నట్టు చదివింది...

"అన్నయ్య చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి.
అమ్మ రోజూ దుమ్ము తుడుస్తుంది.
పోస్టుమాన్ సైకిలు బెల్లు వినబడితే
అమ్మ తలుపు వేసేస్తుంది."

అంతే... వెళ్ళి కూర్చుంది.

యుద్ధం అన్న మాటే లేదందులో! ఎవరూ చప్పట్లు కొట్టలేదు... కొట్టాలని కూడా తోచలేదు.

అయినా మొదటి బహుమతి నాకే వచ్చింది. "వరలక్ష్మి దాంట్లో ఆవేశం లేదండి" అన్నారు హెడ్మాస్టారు, మా తెలుగు టీచరు సుభద్ర గారితో.

ఇంటికి బయల్దేరుతుంటే గేటు దగ్గర మంగమ్మ గారు నన్ను ఆపారు.

"బా చదివేవమ్మా. మరి... తల్లి ఏడవదన్నావు కదా. నాకేమో రోజూ ఏడుపొచ్చేత్తందమ్మా. ఏడవకూడదంటావా?"

దెప్పడం కాదు... నిజంగానే అడిగారావిడ. బహుమతి వచ్చిన పిల్లకి తెలిసే ఉంటుందనుకున్నట్టు.

పద్నాలుగేళ్ళ నేను, ఒక తల్లికి ఏడవొద్దని మైకులో చెప్పాను! "ఏడవచ్చండి... నాకు తెలీక రాశానండి" అన్నాను చివరికి. నా తల నిమిరి వెళ్ళిపోయారు.

మర్నాడు సుభద్ర టీచరుకి జరిగిందంతా చెప్పాను. ఆవిడ నా కాగితం చూస్తూ, "యుద్ధం ఒకటేనమ్మా. నువ్వు కోట బురుజెక్కి కేకేశావు, వరలక్ష్మి గుమ్మంలో కూర్చుని చెప్పింది. రాసే ముందు ఎక్కడ నిలబడ్డామో చూసుకోవాలి" అన్నారు.

ఆ పాదం కొట్టేశాను. దాని బదులు ఏం రాయాలో తెలియలేదు... ఖాళీగానే వదిలేశాను.

దసరాలకి సత్తిబాబు వచ్చాడు... కాలికి కట్టుతో, కుంటుతూ. కానీ వచ్చాడు. చూడ్డానికి మేమంతా వెళ్ళాం. కొడుకుని పట్టుకుని, వీధి వీధంతా వినబడేలా ఏడ్చారు మంగమ్మ గారు. ఎవరూ ఊరుకోమనలేదు.

ఇప్పుడు యుద్ధం అన్న మాట వినబడితే చాలు, క్షణాల్లో ఫోను నిండా కవితలు... అన్నీ గర్జనలే. లైకులూ వాటికే. నెమ్మదిగా మాట్లాడేది ఒక్కటైనా కనబడుతుందేమోనని వేలితో కిందికి జరుపుతూనే ఉంటాను...

అరవకుండా చదివిన నాలుగు మాటలకి మీరెప్పుడైనా అలా కొయ్యబారిపోయారా? ఎవరు చదివారు, ఎక్కడ విన్నారు... కింద రాయండి. తీరిగ్గా చదువుకుంటాను.