గదిలో లేని మనిషి

గుడివాడ నుంచి బందరు కాలేజీకి రోజూ బస్సులో వెళ్ళే గంటలో ఒక పాత రష్యన్ నవల చదువుతున్నాను. కథ చెప్పేవాడితోనే నాకు పేచీ. ‘మా ఊళ్ళో’ అంటాడు, తన పేరు చెప్పడు. ఇల్లెక్కడో, ఏం చేసి బతుకుతాడో తెలీదు. ఎవరూ అతన్ని కూర్చోమనరు, మంచినీళ్ళివ్వరు. కానీ తలుపులేసుకుని ఇద్దరు మాట్లాడుకున్నదంతా పొల్లుపోకుండా అప్పజెబుతాడు. నీకెవరు చెప్పారయ్యా అని పేజీ పక్కన పెన్సిలుతో రాశాను. రాశాక పుస్తకం మూసేశాను. అదే ప్రశ్న నన్నూ అడగొచ్చు.

నందివాడ దగ్గర మా పల్లెలో ఎవరైనా పోతే, ఆదరణ కూడికలో వాళ్ళ జీవితచరిత్ర ఒక పేజీ చదువుతారు. పుట్టిన ఊరు, బాప్తిస్మం, పెళ్ళి, పిల్లలు, ఆఖరి మాటలు. తెలుగు బాగా రాస్తానని ఆ పని ఎప్పుడూ నా నెత్తినే పడేది. రెండేళ్ళ కిందట పెదనాన్న పోయినప్పుడూ నేనే రాశాను. ఆయనకూ మా బాబాయికీ చేలోకి నీళ్ళు పెట్టుకునే దగ్గర మాటామాటా పెరిగి, ఏళ్ళ తరబడి పలకరింపుల్లేవు. బాబాయి ఊరొదిలి బందరు పక్కన గిలకలదిండిలో ఐసు ఫ్యాక్టరీలో చేరిపోయాడు. ఆఖరి మాటల దగ్గర ఖాళీ చూస్తే నాకు బాగాలేదు. ‘తమ్ముణ్ణి తలుచుకుని, వాడి మీద నాకేం కోపం లేదన్నారు’ అని రాసేశాను. ఆ మాట నాకెవరూ చెప్పలేదు. నేను ఆ గదిలో లేను. కూడికలో అది చదువుతుంటే చివరి వరసలో బాబాయి కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అది చూసి, సిగ్గులేకుండా, సంతోషపడ్డాను కూడా. కూడిక అయ్యాక ఆ కాగితం అడిగి తీసుకెళ్ళాడు.

ఇప్పుడు ఆ నవల పుణ్యమా అని నాకు కుదురు లేదు. పాఠం మధ్యలో ఏం చెబుతున్నానో మర్చిపోతున్నాను. నిన్న కాలేజీ అవగానే ఆటో ఎక్కి గిలకలదిండి వెళ్ళాను.

బాబాయి నన్ను ఫ్యాక్టరీ ముందు బల్ల మీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక హార్బరులో బోట్ల గురించి ఏదో అడిగాను. ఆయనే అన్నం సంచిలోంచి బైబిల్ తీసి, అందులో దాచుకున్న నా కాగితం చూపించాడు. మడతల దగ్గర చిరుగుతోంది.

“బాబాయ్, పెదనాన్న ఆ మాట అన్నాడో లేదో నాకు తెలీదు. నా అంతట నేనే రాశాను,” అన్నాను.

“నాకు తెలుసమ్మా,” అన్నాడు. “ఆయన పోయే ముందు ఆదివారం, మీరంతా గుడికెళ్ళినప్పుడు పెరటి గుమ్మంలోంచి వచ్చాను. అన్నయ్యా అని పిలిస్తే గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆరాధన అయ్యేదాకా మంచం పక్కనే కూర్చున్నాను. ఇటు తిరగలేదు.”

నాకు ఏడుపొచ్చింది. క్షమించమని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఇది చిరిగిపోతోంది. ఇంకో కాగితం మీద రాసివ్వు. ఏం మార్చకు. అదే మాట రాయి.”

బ్యాగులోంచి తెల్లకాగితం తీశాను. పుట్టిన ఊరు, బాప్తిస్మం, పెళ్ళి, పిల్లలు గబగబా రాసేశాను. ఆఖరి మాటల దగ్గర చెయ్యి ఆగిపోయింది. బాబాయి నా పెన్ను వైపే చూస్తున్నాడు.

“రాయమ్మా,” అన్నాడు.

ఈసారి ఆ గదిలో ఏం జరిగిందో తెలిసే అదే మాట రాశాను.