జంట ఫొటో

సిద్దిపేట బస్టాండులో నా పక్కన కూర్చున్న తొగుట ఊరామె, చీరముక్కలో చుట్టిన ఫ్రేము తీసి చూపింది. కుర్చీలో మిలిటరీ బట్టలతో ఆమె భర్త. పోయి ఏడాదైందట.

"పింఛిని కావాల్నంటే ఇద్దరం కలిసి దిగిన ఫొటో తెమ్మంటున్రు సారూ, సంగారెడ్డి మిలిటరీ ఆఫీసుల. మాకున్నది గిదొక్కటే. దినాల నాడు దండెయ్యాలె గదా. బతికున్న మనిషికి దండ పడొద్దని మా బావ నన్ను కత్తిరిచ్చిండు."

"ఆ ముక్క ఉందా?"

"ఊడ్సి పారేసిన్రు."

ఆమె అద్దం మీద వేలు పెట్టింది. అక్కడ, భర్త భుజం మీద, నాలుగు వేళ్లు మిగిలి ఉన్నాయి.

"గీ చెయ్యి నాదే. గిది సాలదా సారూ?"

చాలుతుందని చెప్పి సంగారెడ్డి బస్సెక్కించాను. అప్పుడు నేను మండలాఫీసులో గుమాస్తాను. చాలదని నాకు తెలుసు.