ఖలీల్ సార్ రాసిన కారణం

నిన్న పంజాగుట్ట ఆసుపత్రిలో నర్సు నా చేతికి స్పిరిట్ దూది రుద్దింది. ఆ చల్లటి వాసనకు 1986 జూన్, అమీర్‌పేటలోని మేడమీద గది గుర్తొచ్చాయి. అక్కడ నేను ఖలీల్ సార్ దగ్గర ఐదేళ్ల నాలుగు నెలలు పనిచేశాను. ఆయన భౌతిక శాస్త్రవేత్త. మా పరికరం చుట్టూ సీసం ఇటుకలు పేర్చిన ఒక రాగి గొట్టం. లోపల శుద్ధిచేసిన వాయువు, నడిమధ్య వెంట్రుకకన్నా సన్నని తీగ. గొట్టంలో ఒక పరమాణువు తనంతట తాను విచ్ఛిన్నమైతే యంత్రంలో ఒక అంకె పెరుగుతుంది. సార్ వెతికే విచ్ఛిత్తి ఏళ్లకొకటి కనిపించినా గొప్పే. అందుకే గొట్టాన్ని లోతైన గనిలోకి దింపాలి. అంతకుముందు అది నిశ్శబ్దంగా, అంటే వేరే ఏ కారణానికీ అంకె పెంచకుండా, ఉందని రుజువు చేయాలి. పూటపూటా లెక్క రిజిస్టరులో ఎక్కించాలి. ఎక్కువొస్తే పక్కన కారణం రాయాలి. అది సార్ పెట్టిన నియమం. తీగను స్పిరిట్‌తో తుడిచి బిగించడం నా పని.

ఆ జూన్‌లో సార్ పది రోజులు సెలవు పెట్టి వచ్చారు. గొంతు బొంగురుపోయింది. ఆ రోజు నుంచే సాయంత్రపు లెక్క మూడింతలైంది. మూడు వారాలు చూసి నన్ను పిలిచారు.

"ఏమ్మా, తీగకు వేలు తాకిచ్చినవా?"

"లేదండి. పట్టకారుతోనే పట్టుకున్నాను."

"మరి దయ్యం తాకిందా? గొట్టం ఖరాబైంది. గిది గనిలకు పోదు. నువ్వు సుత వేరే నౌకరీ చూస్కో."

ఎస్.ఆర్. నగర్‌లోని నా గదికి వెళ్లి, కోపంతో ఆ మూడు వారాల అంకెలను గీతల కాగితం మీద పెట్టాను. ఉదయం లెక్క పెరగలేదు. సార్ గొట్టం పక్కన కూర్చునే సాయంత్రాల్లోనే పెరిగింది. అదీ వారానికి దాదాపు సగం చొప్పున తగ్గుతోంది. తీగ మీది మురికి అలా తగ్గదు. మర్నాడు గదిలో పనిచేసే అందరి ముందూ కాగితం ఆయన బల్లమీద పరిచాను.

"ఇది రేడియో అయోడిన్ అండి, దాదాపు వారానికి సగమయ్యేది. ఆసుపత్రుల్లో తాగిస్తారే, అది. మీరు కూర్చున్నప్పుడే వస్తోంది."

ఆయన చెయ్యి మెడ మీదికి వెళ్లింది. అప్పుడుగానీ నాకు నేనన్న మాట అర్థం కాలేదు. ఆ మందు థైరాయిడ్ క్యాన్సర్‌కు ఇస్తారని గదిలో అందరికీ తెలుసు.

"నా ఒంట్లకెల్లి వచ్చేదాన్ని సీసం ఇటుకలు ఆపుతయి అనుకున్న," అన్నారు చివరికి. "వైర్లు బయటికొచ్చే సందు మర్చిపోయిన. నీ తీగ సాఫే తల్లీ. సాఫ్ లేనిది నేను."

రిజిస్టరు తీసుకుని, ఇరవై ఒక్క సాయంత్రాల ఎదురుగా కారణం గడిలో తన పేరు తానే రాశారు. నన్ను ఒక్క మాట అనలేదు.

సార్ మళ్లీ ఆ మందు తాగాల్సి వచ్చింది. ఇక ఆ గదిలో అడుగుపెట్టలేదు. మెట్ల దగ్గరే నిలబడి, "ఎంతొచ్చిందమ్మా?" అని అడిగేవారు. నేను అంకె చెప్పేదాన్ని. గొట్టం గనిలోకి దిగింది మార్చిలో. ఆయన ఫిబ్రవరిలోనే పోయారు.

నా లెక్క తప్పు కాదు. ఇప్పటికీ వేసి చూస్తాను, అదే వస్తుంది. ఆ కాగితం ఆయనొక్కరికే చూపించవలసింది. ఆ తర్వాత నేను ఎందరి పనిలోనో తప్పులు పట్టుకున్నాను. ప్రతిసారీ ముందు లేచి వెళ్లి తలుపు వేసి వచ్చాను.