వీపు చూపకూడని ఇల్లు

రుమైథియాలో అరబ్బుల ఇంట్లో నాతో పనిచేసిన వంటక్క అనగానే ఆమె వెనకడుగే గుర్తొస్తుంది. టీ ఇచ్చాక ఖాళీ కప్పుల ట్రే పట్టుకుని, చూపు మామా మీదే ఉంచి, మడమతో నేల తడుముకుంటూ తలుపు దాకా వెనక్కి నడిచేది. మామా అంటే మా యజమానురాలు. ఏటా ఎండలకు లండన్ వెళ్లేది. రాణి ఎదుట నుంచి వెళ్లేవాళ్లు వీపు చూపకూడదని అక్కడెవరో చెప్పారట. ఆ మర్యాద తనకూ కావాలనుకుంది.

"దేవళంలో సామికి ఈపు జూపకుండా ఎనిక్కి రామా? అట్లే అనుకో పాపా," అనేది అక్క, తన రాయచోటి యాసలో. "ఈయమ్మకు టెంకాయ కొట్టేదొకటే తక్కువ."

లండన్‌లో కొత్త రాజుకు పట్టాభిషేకం జరిగిన రోజు ఇంటిల్లిపాదీ టీవీ ముందున్నారు. అక్క వెనక్కి అడుగులేస్తుంటే, అక్కడే చదువుకుంటూ సెలవుకు వచ్చిన మామా కూతురు నవ్వింది.

"ఇప్పుడు రాజు దగ్గరే ఇలా నడవమనడం లేదమ్మా. చాలామందికి ఎప్పుడో మాన్పించారు."

"అది వాళ్ల ఇష్టం. ఇది నా ఇల్లు," అంది మామా.

వాళ్ల అరబ్బీ మాకు బాగానే అర్థమవుతుంది. అక్క ఆగి, ఆ పిల్ల వైపు ఆశగా చూసింది. ఆ పిల్ల అప్పటికే టీవీ వైపు తిరిగిపోయింది. అక్క వేసిన తర్వాతి అడుగు తివాచీ అంచుకు తట్టుకుంది. కప్పులు కాపాడబోయి, మెలితిరిగి తలుపు వైపుకు బోర్లా పడింది. మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నేను పరిగెత్తబోతే మామా చెయ్యెత్తి ఆపింది.

అక్క మోచేతి మీద లేవబోయింది.

"ముందు ఇటు తిరుగు," అంది మామా. "తర్వాత లే."

విరిగిన చేతిని గుండెకు అదుముకుని, అక్క నేల మీదే ఇటు తిరిగింది.